రాజకీయాలు, ప్రపంచ వార్తల మీద వాదించడం ఎలా: సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం వాళ్లకు పనికొచ్చే వరుస

టీ బడ్డీ దగ్గర మొదలైన మాట పెళ్లి భోజనాల దాకా పాకి, చివరకు బావ బావమరుదులు పలకరించుకోవడం మానేసే వరకు ఎందుకు వెళ్తోంది? వాదించాలని ఉంది, గొడవ వద్దు, ఏం చేయాలి? ఇవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతున్నారు. అందుకే పని చేసే వరుసలో రాస్తున్నాను.

టీవీ చర్చల్లో అరుచుకునే నలుగురూ స్టూడియో దాటాక ఎవరి కారు వాళ్లెక్కి పోతారు. మన దగ్గర అలా కుదరదు. మీరు వాదించే మనిషి మీ పిల్లలకు లెక్కలు చెప్పిన మేష్టారో, పక్క పొలం రైతో, మేనమామో అవుతాడు. రేపు పొద్దున్న మళ్లీ ఎదురుపడతాడు. కింద చెప్పినవన్నీ ఈ లెక్క వేసుకునే చెప్పినవి.

నేను గమనించినంతలో, గొడవగా మారిన వాదనల్లో ఎక్కువ భాగం ఇద్దరూ రెండు వేర్వేరు విషయాల మీద మాట్లాడుకుంటున్నవే. వాళ్లకు ఆ సంగతి తెలీదు. అందుకే ఈ వరుసలో 2వ మెట్టుకు ఎక్కువ చోటిచ్చాను.

1. ముందు మనిషిని, వేళను చూసుకోండి

నోరు విప్పే ముందు ఈ నాలుగూ మిమ్మల్ని మీరే అడగండి:

- ఈయన ఓటేసి ఊరుకునే మనిషా, పార్టీ పని మీదే బతుకుతున్న మనిషా? రెండో రకం మనిషికి అభిప్రాయం మార్చుకునే వీలుండదు. ఆయనతో క్రికెట్ మాట్లాడండి.
- చుట్టూ ఎంతమంది ఉన్నారు? పదిమంది ముందు ఎవరూ తగ్గరు. మీరూ తగ్గరు.
- మందు ఉందా? ఉంటే రేపటికి వాయిదా.
- టైం ఎంత ఉంది? విశాఖ ప్యాసింజర్‌లో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో ఎక్కి విజయనగరంలో దిగేలోపు ఒక్క విషయం తేలుతుంది. రాష్ట్ర విభజన తేలదు.

దినం భోజనాల దగ్గర, ఆసుపత్రి వరండాలో, ఓట్ల లెక్కింపు రోజు అసలు దిగొద్దు. లెక్కింపు రోజు మాట్లాడిన మాటలు ఐదేళ్లు గుర్తుంటాయి.

ఇంకొకటి, పందెం కాయొద్దు. ఎన్నికల పందేలు చట్టం ఒప్పుకోదన్నది అలా ఉంచండి. డబ్బు పెట్టిన మనిషి ఇక నిజం వినడు.

2. వాదనను ఒక్క వాక్యానికి కుదించండి

ఇది తప్పితే తర్వాత మెట్లేవీ పనిచేయవు.

భోగాపురం విమానాశ్రయాన్నే తీసుకోండి. విజయనగరం జిల్లాలో ఈ మధ్య ఇంతగా వాదులాడుకున్న విషయం ఇంకోటి లేదు. ఒకాయన "మావోడే తెచ్చాడు" అంటాడు. ఇంకొకాయన "కాదు, మావోడు" అంటాడు. గంట గడిచినా ఇద్దరూ అక్కడే ఉంటారు. ఎందుకంటే తేవడమంటే ఏంటో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

శంకుస్థాపన లెక్కా? అది రెండుసార్లు జరిగింది. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు చేశారు, 2023 మే 3న జగన్మోహన్ రెడ్డి చేశారు. జీఎంఆర్ కంపెనీతో కట్టి నడిపే ఒప్పందం (కన్సెషన్ అగ్రిమెంట్) లెక్కా? అది 2020లో జరిగింది. కేంద్రంలో శాఖ లెక్కా? 2024 జూన్ నుంచి పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. భూములు ఇచ్చినవాళ్ల లెక్కా? అలాగైతే తెచ్చింది ఆ ఊళ్ల రైతులు.

ప్రతి ఒక్కరూ తమకు కావలసిన ముక్క పట్టుకుని, మొత్తం తమదే అంటున్నారు. దీన్ని విడదీయడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఓపికగా ఒక ప్రశ్న వేస్తే చాలు. బావ బావమరుదుల మధ్య అది ఇలా నడుస్తుంది:

"ఎయిర్‌పోర్టు మావోడే తెచ్చాడు బావా, ఇందులో వాదనేటి?"

"వాదన లేదు బావా. కొబ్బరికాయ కొట్టడం గురించి అంటన్నావా, కాంట్రాక్టు కుదర్చడం గురించా, పని నడిపించడం గురించా?"

"అన్నీని."

"అన్నీ ఒకేసారి తేల్లేం. ఒకటి చెప్పు, దాని మీదే మాట్లాడుకుందాం."

"సరే, పని. పని నడిచింది ఎవరి టైంలో?"

ఇక్కడికి వచ్చారంటే సగం అయిపోయినట్టే. ఇప్పుడు వాక్యం ఇలా తయారైంది: పని మొదలైన నాటి నుంచి ఏ ప్రభుత్వ కాలంలో ఎంత శాతం పూర్తయింది? దీనికి జవాబు వెతికితే దొరుకుతుంది. "తెచ్చాడు" అన్నదానికి దొరకదు.

వాక్యం సరిగా కుదిరిందో లేదో ఇలా చూసుకోండి:

- అందులో ఒక్క పనే ఉందా?
- ఎప్పుడు, ఎక్కడ అన్నది ఉందా?
- "అందరూ", "ఎప్పుడూ", "ఏమీ చేయలేదు" లాంటి మాటలు తీసేశారా?
- ఏది చూపిస్తే ఒప్పుకుంటారో ఇద్దరూ ముందే చెప్పారా?

చివరి ప్రశ్నకు ఎదుటి మనిషి "ఏది చూపించినా ఒప్పుకోను" అన్నాడంటే మీకు గంట మిగిలింది. టీ తాగి వచ్చేయండి.

3. ఆ వాక్యం ఏ రకమో తేల్చుకోండి

రాజకీయాల్లో వినబడే వాక్యాలు నాలుగు రకాలు: ఇది జరిగింది, ఇందువల్ల జరిగింది, ఇది మంచిది లేదా చెడ్డది, ఇలా జరగబోతోంది.

విశాఖ ఉక్కు మీద ఈ నాలుగూ కలిపి కొట్టుకుంటాం. ప్రైవేటీకరణకు కేంద్ర క్యాబినెట్ కమిటీ 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో ప్లాంటుకు రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఈ రెండూ జరిగినవి, వాదన అక్కర్లేదు. నష్టాలకు కారణం సొంత గనులు లేకపోవడమా, అప్పుల వడ్డీలా, నిర్వహణా అన్నది రెండో రకం. దీనికి ఒక్క జవాబు ఉండకపోవచ్చు. ప్రభుత్వం ఉక్కు చేయాలా వద్దా అన్నది మూడోది, ఎవరి విలువ వాళ్లది. అమ్మేస్తారా లేదా అన్నది జోస్యం.

మొదటి రకం మీద కాగితంతో వాదించండి. రెండో రకం మీద "ఇంకేం కారణాలు ఉండొచ్చు" అని కలిసి వెతకండి. మూడో రకం మీద మీ కారణం ఒక్కసారి చెప్పి వదిలేయండి. నాలుగో రకం మీద తేదీ రాసుకుని అప్పటి దాకా ఆగండి.

4. ఆధారం ఎక్కడ వెతకాలి

మన రాష్ట్రంలో ఏ పత్రిక ఎటు వైపో బడి పిల్లలకు కూడా తెలుసు. అందుకని పత్రికలు చదవొద్దని కాదు. రెండు ఎదురెదురు పత్రికలు పక్కపక్కన పెట్టండి. శీర్షికలు వదిలేసి లోపలి పేరాలు చదవండి. తేదీ, మొత్తం, సంతకం చేసిన అధికారి హోదా రెండింటిలోనూ ఒకేలా ఉంటే అది గట్టి విషయం. ఒక్కదాంట్లోనే ఉంటే ఇంకా వెతకాలి.

ఏ విషయానికి ఎక్కడికి వెళ్లాలి:

- ఓట్లు, మెజారిటీలు: ఎన్నికల సంఘం వెబ్‌సైట్. మీ ఊరి బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో ఫారం 20లో ఉంటుంది. "మన ఊరంతా మాకే వేసింది" అన్నవాడికి ఇది చూపించండి.
- అభ్యర్థి ఆస్తులు, కేసులు, చదువు: నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్.
- కేంద్రం ఎంత ఇచ్చింది: పార్లమెంటులో మంత్రుల లిఖితపూర్వక జవాబులు. మన ఎంపీలు అడిగిన ప్రశ్నలకే చాలా లెక్కలు బయటికొచ్చాయి.
- రాష్ట్రం ఎంత ఖర్చు పెట్టింది: బడ్జెట్ పుస్తకాలు, కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంస్థ) నివేదికలు.
- ఊరి రోడ్డు, చెరువు పని, హౌసింగ్ బిల్లు: సమాచార హక్కు దరఖాస్తు. పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

"చట్టంలోనే ఉంది" అనే మాట వినబడితే చట్టం తెరవండి. ప్రత్యేక హోదా మీద ఇప్పటికీ రెండు వైపులా తప్పు మాట్లాడేవాళ్లున్నారు. హోదా విభజన చట్టంలో లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఇచ్చిన హామీ అది. చట్టంలో ఉన్నవి వేరే: గిరిజన విశ్వవిద్యాలయం, వెనుకబడిన ప్రాంతాలకు అభివృద్ధి ప్యాకేజీ వంటివి. ఆ వెనుకబడిన జిల్లాల కింద మన రెండు పాత జిల్లాలకూ ఏడాదికి రూ.50 కోట్ల చొప్పున వచ్చింది. ఈ తేడా తెలిసినవాడు గొంతు పెంచాల్సిన పని ఉండదు.

తీర్పు రావడం ఒకటి, అమలు కావడం ఇంకొకటి. వంశధార నది మీద నేరడి బ్యారేజీకి, ఒడిశాతో నీటి తగాదా విన్న ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో అనుమతిచ్చింది. "అనుమతే రాలేదు" అన్నవాడూ తప్పే, "వచ్చింది కాబట్టి కట్టకపోవడం పూర్తిగా మనోళ్ల తప్పే" అని ఒడిశా అభ్యంతరాలు మర్చిపోయినవాడూ తప్పే.

5. అంకెలు ఎక్కడ మోసం చేస్తాయి

అంకె చెప్పగానే ఎదుటివాడు నోరు మూస్తాడని చాలామంది నమ్మకం. అంకె నిజమైనదే అయినా దాన్ని పట్టుకొచ్చిన తీరు తప్పు కావచ్చు. మన దగ్గర ఎక్కువ కనిపించేవి నాలుగు.

ఓట్ల శాతం, సీట్లు. 2019లో టీడీపీకి సుమారు 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకి కూడా సుమారు 39 శాతమే, సీట్లు మాత్రం 11. "జనం తరిమికొట్టారు" అన్నవాడు సీట్లు చూపిస్తాడు, "జనం మాతోనే ఉన్నారు" అన్నవాడు శాతం చూపిస్తాడు. ఈ రెండు ఎన్నికల్లోనూ మనిషి తన పార్టీకి పనికొచ్చే అంకెనే పట్టుకుంటూ వచ్చాడు. మీరు రెండు అంకెలూ కలిపి చెప్పండి, రెండు ఎన్నికలకూ చెప్పండి. వినేవాళ్లకు మీ మీద గురి కుదురుతుంది.

కంచుకోట లెక్క. శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో రెండుసార్లూ గెలిచింది ఒకే అభ్యర్థి, ఒకే పార్టీ. 2019లో మెజారిటీ 6,600 పైచిలుకు, 2024లో 3.27 లక్షలు. ఒక్క ఎన్నిక పట్టుకుని "ఇక్కడ ఎప్పుడూ ఇంతే" అనకూడదు.

జిల్లా గీతలు. 2022 ఏప్రిల్ 4 తర్వాత శ్రీకాకుళం జిల్లా అన్నది పాత జిల్లా కాదు. పాలకొండ వైపు పార్వతీపురం మన్యంలో కలిసింది, రాజాం వైపు విజయనగరంలో కలిసింది. మండలాలు 38 నుంచి 30 అయ్యాయి. 2011 లెక్కల ప్రకారం పాత జిల్లా జనాభా సుమారు 27 లక్షలు, అదే లెక్కను కొత్త సరిహద్దులకు వేస్తే సుమారు 22 లక్షలు. "వలసలతో ఐదు లక్షల మంది తగ్గిపోయారు" అని ఎవరైనా అంటే గీత జరిగిన సంగతి చెప్పండి. వలస నిజమే. ఈ అంకె మాత్రం దానికి సాక్ష్యం కాదు. ఆసుపత్రులు, బడులు, వరి దిగుబడి, పింఛన్లు, దేన్ని పోల్చినా ఇదే జాగ్రత్త.

బడ్జెట్ అంకె. ఒకే పద్దుకు మూడు అంకెలుంటాయి: కేటాయింపు, సవరించిన అంచనా, నిజంగా అయిన ఖర్చు. ప్రభుత్వంలో ఉన్నవాళ్లు మొదటిది చెబుతారు, ప్రతిపక్షం మూడోది చెబుతుంది. ఏ ప్రభుత్వమైనా ఇదే తంతు.

6. ప్రపంచ వార్తలకు వేరే జాగ్రత్తలు

స్థానిక రాజకీయాల్లో కనీసం మన కళ్లు, మన చుట్టాలు ఉన్నారు. గాజా గురించి, ఉక్రెయిన్ గురించి మనకు తెలిసిందంతా ఇంకెవరో చెప్పిందే. అయినా గొంతు మాత్రం అక్కడే ఎక్కువ లేస్తుంది, అదేంటో!

ముందు వీడియో సంగతి. నమ్మే ముందు ఇలా చేయండి:

- వీడియోను ఆపి ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాతదైతే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.
- వెలుగు చూడండి. కీవ్, గాజా మనకంటే వేసవిలో రెండున్నర గంటలు, చలికాలంలో మూడున్నర గంటలు వెనక ఉంటాయి. వాషింగ్టన్ తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటలు వెనక. మన తెల్లవారు 4 గంటలకు "ఇప్పుడే కీవ్‌లో" అని వచ్చిన వీడియోలో మిట్టమధ్యాహ్నపు ఎండ ఉంటే అది ఇప్పటిది కాదు.
- మరీ సినిమాలా ఉంటే అనుమానించండి. ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలు ఉక్రెయిన్ యుద్ధం పేరుతోనూ, గాజా యుద్ధం పేరుతోనూ తిరిగాయి.
- కేంద్ర ప్రభుత్వం పేరుతో వచ్చిన ఉత్తర్వైతే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చూడండి. అది ప్రభుత్వ విభాగమే కాబట్టి, ప్రభుత్వం మీద వచ్చిన విమర్శ తప్పా ఒప్పా అన్నదానికి ఇంకో ఆధారం కూడా తీసుకోండి.

తుపాను ఫోటోలకూ ఇదే పద్ధతి. 2014 హుద్‌హుద్ నాటివి, 2018 తిత్లీ నాటివి కొత్త తుపాను వచ్చినప్పుడల్లా లేచి వస్తాయి.

తర్వాత ఐక్యరాజ్యసమితి. ఇక్కడ మూడు తెలిస్తే చాలు: ఒకటి, భద్రతా మండలిలో 15 సభ్య దేశాలు, వాటిలో 5 శాశ్వత సభ్యులకు వీటో (తీర్మానాన్ని ఒక్కరే అడ్డుకునే అధికారం) ఉంది; రెండు, సర్వసభ్య సభ తీర్మానాలు దేశాలను చట్టపరంగా కట్టిపడేయవు; మూడు, ఒకవైపు ఓటేయడం, తటస్థంగా ఉండడం వేర్వేరు. మూడోది తెలియక ఎంత గొడవ జరుగుతుందో చూడండి:

"ఇండియా రష్యాకే ఓటేసింది కదరా."

"2022 మార్చి 2 ఓటింగ్ గురించేనా బాబాయ్ మీరంటున్నది?"

"అదే అనుకో."

"ఆ రోజు రష్యా వెనక్కి వెళ్లాలన్న తీర్మానానికి 141 దేశాలు సరే అన్నాయి. 5 వద్దన్నాయి. 35 తటస్థం. మనం ఆ 35లో ఉన్నాం."

"తటస్థంగా కూర్చుంటే రష్యాకి మేలు సేసినట్టు కాదేటి?"

"అలా అనొచ్చు బాబాయ్, దాని మీద మాట్లాడుకుందాం. ఓటేసిందన్నది మాత్రం కాదు."

బాబాయ్ తగ్గలేదు, అబ్బాయీ తగ్గలేదు. వాక్యం మాత్రం సరైంది. అంతకంటే ఏం కావాలి?

మూడోది, దూరపు వార్తను మన గడపకు తెచ్చుకోండి. దీంతో వాదన చల్లబడుతుంది, తూకం కూడా వస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక సన్‌ఫ్లవర్ నూనె ధర ఎందుకు ఎగబాకింది? మనం కొనే నూనెలో పెద్ద వాటా అక్కడి నుంచే వచ్చేది. పలాసలో జీడి పరిశ్రమకు ఆఫ్రికా దేశాల నుంచీ పిక్కలు వస్తాయి, అక్కడ పంట, ఎగుమతి నియమాలు మారితే ఇక్కడ ఒలిచే ఆడవాళ్ల పని దినాలు మారతాయి. పాకిస్తాన్ మీద ఆవేశంగా మాట్లాడే ముందు ఇది గుర్తుచేసుకోండి: గుజరాత్ తీరంలో పనికి వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కారు, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. దౌత్యం అంటే ఏంటో మన తీరపు ఊళ్లలో చాలా ఇళ్లకు పత్రికల కంటే బాగా తెలుసు.

రొయ్యల సుంకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఇక్కడ రెండు వైపులా తప్పుతున్నారు. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం, రష్యా చమురు కొంటున్నామని వేసింది. "మన రైతులు ట్రంప్‌కి పన్ను కడుతున్నారు" అన్నది సరికాదు, సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారు. "అయితే మనకేం నష్టం?" అన్నది కూడా సరికాదు. దిగుమతిదారు ఆ భారాన్ని కొనుగోలు ధర తగ్గించి ఇటు నెడతాడు, ఎగుమతిదారు ప్లాంటు మీదకు, ప్లాంటు ఏజెంటు మీదకు, ఏజెంటు చెరువు గట్టున ఉన్న రైతు మీదకు, అలా కిందకు దిగుతుంది. ఎంత దిగిందన్నది కౌంటును (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) బట్టి, కొనేవాళ్లను బట్టి మారుతుంది. మీ చెరువుల దగ్గర ఆ నెల 100 కౌంటు ధర ఎంత, అంతకు ముందు నెల ఎంత అని రైతును అడగండి. దానికి మించిన ఆధారం టీవీలో దొరకదు.

7. నోరు విప్పాక మాటల వరుస

1) ఎదుటి మాటను మీ మాటల్లో తిరిగి చెప్పండి. "మీరనేది ఇదేనా?" అని అడగండి. ఆయన "అవును" అనేదాకా ముందుకు వెళ్లొద్దు.

2) అందులో మీరు ఒప్పుకునేది ముందు చెప్పండి. నిజంగా ఒప్పుకునేదే చెప్పండి, నటన వెంటనే తెలిసిపోతుంది.

3) "ఇది ఎక్కడ చూశారు?" అని అడగండి. గొంతులో వెటకారం వస్తే ఈ ప్రశ్న తన్నులాటకు పిలుపులా వినబడుతుంది. మన వైపు వెటకారం కాస్త ఎక్కువే కాబట్టి జాగ్రత్త.

4) ఒక్క ఆధారం చూపించండి. ఐదు చూపిస్తే అందులో అన్నిటికంటే బలహీనమైనదాన్ని పట్టుకుంటారు, మిగతా నాలుగూ గాలికి పోతాయి.

5) ఆగండి. ఆయన చదవాలి, ఆలోచించాలి. ఇక్కడే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. నిశ్శబ్దం చూసి గెలిచామనుకుని ఇంకో మాట అంటారు.

6) ఆయన ఇంకో విషయానికి దూకితే, "అది కూడా మాట్లాడదాం, ముందు ఇది తేలనివ్వండి" అనండి. రెండుసార్లు చెప్పినా దూకుతూనే ఉంటే ఆ పూటకు చాలు.

పెద్దవాళ్లతో ఒక మార్పు. మేష్టారికో, మావయ్యకో అందరి ముందు తప్పు చూపించొద్దు. "మేష్టారూ, నాకు ఇలా కనిపించింది, ఒకసారి చూస్తారా" అని ఫోన్ ఆయన చేతికే ఇవ్వండి. చదివి ఆయనే చెబుతారు, లేదా చెప్పకుండా విషయం మారుస్తారు. మార్చారంటే చూశారనే అర్థం. కుర్రాళ్లతో తిరగేసి చేయాలి: "నువ్వు చిన్నోడివి, నీకేం తెలుసు" అన్న క్షణం వాళ్లు వినడం మానేస్తారు.

ఇంట్లో ఆడవాళ్లను పక్కన పెట్టి వాదించుకునే అలవాటు ఇంకా ఉంది. డ్వాక్రా రుణాల వడ్డీ, రేషను, గ్యాసు, పింఛను, బడి భోజనం, వీటిలో ఎవరి మాట నిలబడుతుందో ఇంట్లో అడిగి చూడండి. మగాళ్ల వాదనల్లో సగం అక్కడితో ఆగిపోతాయి.

8. ఫోన్ గ్రూపులో

ఎదురుగా ఉంటే ముఖం కనబడుతుంది. గ్రూపులో అక్షరాలే కనబడతాయి. అందుకే పైవాటికి తోడు ఇవి:

- రాత్రి భోజనం అయ్యాక జవాబు రాయొద్దు. రాసినా పొద్దున్నే పంపండి.
- తప్పు ఫార్వర్డు పంపినవాళ్లకు విడిగా మెసేజ్ పెట్టండి. "దీన్ని తీసేస్తారా, పాత వీడియో అట" అంటే పదిలో ఆరుగురైనా తీసేస్తారని నా నమ్మకం. గ్రూపులో దెప్పితే ఒక్కరూ తీయరు.
- "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్" అని రెండు బాణాలు కనిపిస్తే పంపినవాడు కూడా దాని మూలం చూడలేదనుకోవచ్చు.
- ఒక్క స్మైలీతో జవాబివ్వొద్దు. నవ్వు బొమ్మ వెక్కిరింత కింద లెక్క.
- మూడు మెసేజ్‌లు దాటితే ఫోన్ చేయండి.

పదో తరగతి బ్యాచ్ గ్రూపుల్లో రాజకీయం వద్దని రూలు పెట్టుకోవడం నా ఉద్దేశంలో మంచి పనే. అన్ని చోట్లా వాదించాల్సిన అవసరం లేదు.

9. తరచూ జరిగే తప్పులు, అక్కడికక్కడే సర్దుకోవడం

"మరి అప్పుడు మీరేం చేశారు?" అన్నది అన్నిటికంటే ఎక్కువగా వచ్చే మాట. దీనికి కోపం వద్దు. "అదీ తప్పే, రాసుకున్నాను. ఇది తప్పా కాదా?" అని అడగండి. రెండూ తప్పే కావచ్చు, అందులో వింతేం లేదు.

కులం పేరు ఎత్తడం. ఎవరు ఎత్తినా అక్కడితో వాదన చచ్చిపోతుంది. ఎదుటివాడు ఎత్తితే "అది వద్దు బావా, పని గురించి చెప్పు" అని ఒకసారి అనండి. మళ్లీ ఎత్తితే లేచిపోండి. మీరే ఎత్తితే వెంటనే, ఆ చోటే, క్షమించమనండి. రేపటికి ఆలస్యమైపోతుంది.

నాయకుడిని తిట్టడాన్ని తనను తిట్టినట్టు తీసుకోవడం. ఎదుటి మనిషి ముఖం ఎర్రబడితే వ్యక్తి పేరు వదిలేసి పథకం పేరుతో మాట్లాడండి. "ఆయన మోసం చేశాడు" బదులు "ఈ పథకంలో మన మండలానికి డబ్బు పడలేదు" అనండి. రెండోదానికి ఆయన కూడా తలూపే అవకాశం ఉంది.

అంకె గుర్తులేకపోయినా ఏదో ఒకటి చెప్పేయడం. "అంకె గుర్తులేదు, చూసి చెబుతా" అన్నవాడి మాటకు తర్వాత విలువ పెరుగుతుంది. చెప్పాక తప్పని తేలితే, చెప్పిన చోటే, విన్నవాళ్ల ముందే సరిచేయండి.

ఒక కుటుంబం కష్టాన్ని జిల్లా మొత్తానికి అంటగట్టడం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద మాట్లాడేటప్పుడు ఇది బాగా కనిపిస్తుంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అక్కడ ఒకరికి మంచి వైద్యం దొరికిందనీ, ఇంకొకరికి దొరకలేదనీ రెండూ నిజం కావచ్చు. డాక్టర్ల ఖాళీలెన్ని, డయాలసిస్ యంత్రాలెన్ని పనిచేస్తున్నాయి అన్నవి అడిగితే మాట ముందుకు కదులుతుంది. రోగి ఇంట్లో కూర్చుని మాత్రం ఈ వాదన పెట్టుకోవద్దు.

10. చట్టం గీత ఎక్కడుంది

ఐటీ చట్టంలో, ఆన్‌లైన్ రాతలకు జైలు వేసే 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అంతమాత్రాన ఏం రాసినా చెల్లుతుందనుకోవద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ప్రకారం మతం, కులం, భాష వంటి వాటి పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ప్రభుత్వ పనిని విమర్శించడం దీని కిందకు రాదు. ఒక వర్గాన్ని తిట్టే ఫార్వర్డు రావచ్చు.

ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఇంకో మెట్టు ఎక్కువ జాగ్రత్త పడాలి. ప్రవర్తనా నియమావళి వాళ్లకు రాజకీయ ప్రచారం ఒప్పుకోదు. గ్రూపులో ఒక పార్టీ పోస్టరు పంచినా ఫిర్యాదు వెళ్లవచ్చు. ఉద్యోగి బంధువుతో వాదిస్తున్నప్పుడు ఆయన మౌనాన్ని ఓటమి కింద రాసుకోకండి.

11. తేలని వాక్యాన్ని ఏం చేయాలి

కొన్ని ఆ పూట తేలవు. వాటిని ఫోన్‌లో నోట్ చేసుకోండి: వాక్యం, తేదీ, ఎవరు వెతకాలి, ఎక్కడ వెతకాలి. ఇద్దరూ చెరో పని పంచుకుంటే ఇంకా మంచిది. బూత్ లెక్క ఒకరు తీయాలి, పంచాయతీకి సమాచార హక్కు దరఖాస్తు ఇంకొకరు పెట్టాలి. జవాబు కాగితం మీ చేతికి వస్తే ముందు ఆయనకే చూపించండి. గ్రూపులో పెట్టాలా వద్దా అన్నది ఆయన్ని అడిగాకే.